కాలము చూచి వచ్చు ఫోను మోసములు: పంచాయతీల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వ్యవసాయము చేయువారికి తెగుళ్ల కాలము తెలియును. వరికి దోమపోటు ఎప్పుడు సోకునో, ప్రత్తిని గులాబిరంగు పురుగు ఏ దశలో పట్టునో ఎరిగిన రైతు ముందుగనే మేలుకొని పైరును కాపాడుకొనును. నేడు మన గ్రామములకు సోకుచున్న వేరొక తెగులును గూర్చి మీతో మనవి చేయదలచినాను. అది చేతిలోని సెల్‌ఫోను ద్వారా ప్రవేశించి, బ్యాంకులో దాచుకొన్న సొమ్మును తినివేయును. దానికిని కాలములు కలవు. ఆ కాలములను మనము గుర్తించినచో, అది రాకమునుపే ఊరిని హెచ్చరించవచ్చును. ఈ పనిని పంచాయతీ చేయగలిగినంత చక్కగా మరియొకరు చేయజాలరు.

ఫోను ద్వారా సొమ్ము చెల్లించు సౌకర్యమును నేను నిందించుట లేదు. 2016లో యూపీఐ విధానము ప్రారంభమైనది మొదలు కూరగాయల బుట్ట ముందు కూర్చున్న అవ్వ సయితము చిల్లరకు తడుముకొను అవసరము లేకుండ పోయినది. బ్యాంకుకు పోవుటకై ఒక దినపు కూలి పోగొట్టుకొను బాధయు తగ్గినది. బావి త్రవ్వినవారు చుట్టును వర కట్టుట ఎట్లు అవసరమో, ఈ సౌకర్యమునకు జాగ్రత్త యనునది అట్లే అవసరము.

మన పంచాంగము మోసగానికి తెలియును

ఈ మోసములు కాలమును అనుసరించి ఏల వచ్చును? మన ఇండ్లలోనికి సొమ్ము వచ్చు దినములును, ఖర్చగు దినములును అందరికి తెలిసినవే. 2019లో ప్రారంభమైన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి క్రింద అర్హులైన రైతు కుటుంబములకు సంవత్సరమునకు 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా ఖాతాలలో పడును. తెలంగాణలో 2025 జనవరి 26న రైతు భరోసా, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ ప్రారంభమైనవి. ఏ వాయిదా ఏ దినమున విడుదలయగునో పత్రికలు ప్రకటించును. రైతు చదివిన ఆ వార్తనే మోసగాడును చదువును. ఆ దినమే అతడు వేలకొలది ఫోనులకు ఒకే సందేశమును పంపును. వాయిదా కొరకు ఎదురుచూచుచున్న వానికి అది తన కొరకే వచ్చినట్లు తోచును. మోసగానికి మన పేరు తెలియనక్కరలేదు. మన అవసరము తెలిసిన చాలును.

గ్రామసభలు జరుపు ఆచారము గల నాలుగు తేదీలు మీకు తెలిసినవే: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2. ఆశ్చర్యమేమనగా, సంవత్సరములో ఈ మోసములు ముమ్మరమగు నాలుగు కాలములకు ఈ నాలుగు సభలును సరిగా ముందు నిలిచియున్నవి. కావున ఒక్కొక్క సభలో ఏమి చెప్పవలయునో వరుసగా చూతము.

మే 1 సభ: తొలకరికి ముందు

ఈ కాలమున రైతు పెట్టుబడికై చూచుచుండును, పిల్లలు పరీక్షాఫలితములకై చూచుచుందురు. అప్పుడు వాట్సాప్‌లో "మీ వాయిదా నిలిచిపోయినది, ఈ యాప్ వేసికొని వివరములు సరిచేసికొనుడు" అని సందేశము వచ్చును. దానితోబాటు ఒక ఫైలు ఉండును. దాని పేరు చివర "ఏపీకే" అను మూడక్షరములు కనబడును. ఇది విషపు విత్తనము వంటిది. దానిని ఫోనులో స్థాపించినచో, సందేశములు చదువుటకు అనుమతి కోరును. అనుమతి ఇచ్చిన క్షణము నుండి బ్యాంకు పంపు ఓటీపీ మనకంటె ముందు మోసగానికి చేరును. పిదప మన ఫోను నుండియే మన బంధువుల గ్రూపులకు ఆ ఫైలు తనంతట తాను పోవుటయు కలదు. బావమరిది పంపినాడుగదా యని నమ్మి వారును తెరతురు. తెగులు ఒక చేను నుండి మరియొక చేనుకు ప్రాకుట ఇట్లే.

సభలో చెప్పవలసినది ఒక్క మాట: ప్రభుత్వపు ఏ వాయిదాయు వాట్సాప్‌లో వచ్చిన ఫైలు వలన రాదు. ఈ-కేవైసీ చేయించుకొనవలసి యున్నచో పీఎం కిసాన్ అధికారిక వెబ్‌సైటులో గాని, సేవాకేంద్రములో గాని చేయించుకొనవలయును. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా "జీఓవీ డాట్ ఇన్" అను అక్షరములతో ముగియును. ఆ అక్షరములు నడుమ ఎక్కడనో ఉండి, చివర మరియొకటి ఉన్నచో అది నకిలీ యని ఎరుగవలయును.

ఇదే కాలమున తక్కువ ధరకు పాత ట్రాక్టరు అమ్ముదుమను ప్రకటనలును కనబడును. తాను సైనికుడననియు, బదిలీ అయినందున అమ్ముచున్నాననియు చెప్పి, గుర్తింపు కార్డు చిత్రమును గూడ పంపుదురు. బండి చూడకముందే రవాణా ఖర్చు, బీమా ఖర్చు అని అడుగుదురు. ఎద్దును కొనువాడు పండ్లు చూడక కొనడుగదా! ట్రాక్టరుకును అదే న్యాయము. విద్యార్థులకు మార్కులు పెంచెదమనియు, ఉపకారవేతనము మంజూరైనదనియు వచ్చు ఫోనులకు రుసుము చెల్లింపరాదు. ఇంటినుండియే పని యని చెప్పి, మొదట కొద్ది సొమ్ము తామే ఇచ్చి నమ్మించి, పిదప మనచేత పెద్ద మొత్తములు కట్టించుకొను మోసము చదువుకొన్న యువకులనే ఎక్కువగా పట్టుచున్నది.

ఆగస్టు 15 సభ: పండుగలకు ముందు

వినాయక చవితి మొదలు దీపావళి వరకు కొనుగోళ్ల కాలము. పేరుపొందిన అంగడి గుర్తును పెట్టుకొని నకిలీ వెబ్‌సైటులు పుట్టును. అయిదువేల వస్తువు అయిదువందలకే యని ఆశ చూపును. కొననివానికి బహుమతి వచ్చినదనియు, తెప్పించుకొనని పార్శిలు ఆగిపోయినదనియు, చిరునామా సరిచేయుటకు అయిదు రూపాయలు మాత్రము కట్టుమనియు సందేశములు వచ్చును. వారికి కావలసినది ఆ అయిదు రూపాయలు కాదు. అవి కట్టునపుడు మనము వ్రాయు కార్డు సంఖ్యయు, రహస్య సంఖ్యయు.

బాణసంచా విషయము ప్రత్యేకముగ చెప్పదగినది. ఈ-కామర్స్ వెబ్‌సైటులు బాణసంచా ఆర్డర్లు స్వీకరింపరాదని 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. కావున శివకాశి ధరకే టపాకాయలు ఇంటికి పంపెదము, ముందుగా సొమ్ము పంపుడు అను ప్రకటన కనబడినచో, దానిని నమ్మవలసిన పని లేదు.

అక్టోబరు 2 సభ: పంట చేతికి రాకముందు

కార్తిక మార్గశిరములలో ధాన్యము అమ్మిన సొమ్ము ఖాతాలో పడును. సంక్రాంతికి బిడ్డలు, అల్లుండ్రు వత్తురు. యాత్రలకు పోవుటయు ఈ కాలముననే ఎక్కువ. తిరుమలలో వైకుంఠ ఏకాదశి దర్శనమునకు టికెట్లు దొరకుట కష్టమని ఎరిగిన మోసగాండ్రు దేవస్థానము పేరుతో నకిలీ వెబ్‌సైటులు పెట్టి గదులు, దర్శనములు ఇప్పింతుమని సొమ్ము గుంజుదురు. కుటుంబమంతయు కొండకు చేరిన పిదప ఆ టికెట్టు చెల్లదని తెలియును. తిరుమల తిరుపతి దేవస్థానముల అధికారిక చిరునామా "టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్". దీనిని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించిన, యాత్రికులకు ఎంతయో మేలు కలుగును.

జనవరి 26 సభ: పెండ్లిండ్లకు, మార్చి నెలకు ముందు

మాఘ ఫాల్గుణములలో పెండ్లిండ్లు మెండు. తెలియని సంఖ్య నుండి పెండ్లిపిలుపు పేరుతో ఫైలు వచ్చును. చిత్రమో వీడియోయో అయినచో ఫోను దేనినీ స్థాపింపుమని అడుగదు. స్థాపింపుమని అడిగినచో అది శుభలేఖ కాదు. ఇంతకుముందు చెప్పిన ఏపీకే విత్తనమే పసుపు కుంకుమలు పూసుకొని వచ్చినదని గ్రహింపవలయును.

మార్చి సమీపించినకొలది "మీ కేవైసీ ముగిసినది, ఖాతా మూతపడును", "మీ కరెంటు బిల్లు చేరలేదు, ఈ రాత్రియే సరఫరా నిలిపివేయుదుము" అను బెదిరింపులు వచ్చును. కరెంటు బిల్లు విషయము మన లైన్‌మన్‌ను అడిగిన తెలియును. ఖాతా విషయము మన బ్యాంకుకు పోయిన తెలియును. బ్యాంకులు తమ వెబ్‌సైటులను "బ్యాంక్ డాట్ ఇన్" అను ముగింపు గల చిరునామాలకు 2025 అక్టోబరు 31లోగా మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. బ్యాంకు పేరుతో వచ్చిన లింకునకు ఆ ముగింపు ఉన్నదా లేదా యని చూచుకొనుట మంచి అలవాటు.

అన్ని కాలములకును చెల్లు మూడు మాటలు

వేషములు ఎన్ని మారినను, వెనుకనున్న యుక్తులు కొద్దియే. మూడు మాటలు ప్రతి ఇంటను కంఠస్థము కావలయును.

మొదటిది: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అవసరము లేదు. సొమ్ము పంపుటకు, ఖాతా నిలువ చూచుకొనుటకు మాత్రమే పిన్ కొట్టవలయును. "మీకు డబ్బు పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టుడు" అని చెప్పువాడు మన సొమ్ము తీసికొనుచున్నాడు.

రెండవది: ఓటీపీ యనునది ఇంటి తాళపుచెవి. బ్యాంకు అధికారియైనను, పోలీసు ననువాడైనను దానిని ఫోనులో అడుగుటకు హక్కు లేదు. "డిజిటల్ అరెస్టు" అను పేర వీడియోలో కూర్చుండబెట్టి బెదిరించువారును కలరు. మన చట్టములలో అట్టి అరెస్టు లేనే లేదు.

మూడవది వేలిముద్రను గూర్చినది. ఆధార్ ద్వారా సొమ్ము తీయునపుడు ఓటీపీ అవసరముండదు, వేలిముద్రయే సంతకము. వాయిదా పడిన దినములలో రద్దీయందు "సర్వరు పనిచేయలేదు, మరల వేలు పెట్టుడు" అని రెండుమారులు పెట్టించుకొని ఒకమారు సొమ్ము మాత్రమే ఇచ్చు దుర్మార్గులు కొందరు కలరు. ప్రతిమారును చీటీ అడిగి తీసికొనవలయును. చదువురాని వృద్ధులకు ఆ చీటీ చదివి చెప్పుటకు మహిళాసంఘ సభ్యురాలొకరు ఆ దినములలో అచ్చట ఉండునట్లు పంచాయతీ ఏర్పాటు చేయవచ్చును. ఎక్కువగా వాడనివారు తమ ఆధార్ వేలిముద్రలకు తాళము వేయించుకొను సౌకర్యమును ఆధార్ సంస్థయే కల్పించినది. సొమ్ము తీయు దినమున ఆ తాళము తీసికొనవచ్చును.

మొదటి గంట విలువ

ఇంత జాగ్రత్త పడినను ఎవరో ఒకరు మోసపోవుదురు. అప్పుడేమి చేయవలయును? "దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినవి" అను సామెత ఈ విషయమున అక్షరసత్యము. ఇచ్చట ఆరు నెలలు అక్కరలేదు. ఆరు గంటలే చాలా ఆలస్యము.

సొమ్ము పోయినదని తెలిసిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. 2021లో కేంద్ర హోం మంత్రిత్వశాఖ ఏర్పరచిన ఈ విధానము పనిచేయు తీరు తెలిసికొనుట మేలు. మనము చెప్పిన వివరములను పోలీసు సిబ్బంది కంప్యూటరులో ఎక్కింతురు. సొమ్ము చేరిన బ్యాంకుకు వెంటనే హెచ్చరిక పోవును. సొమ్ము ఇంకను ఆ ఖాతాలోనే ఉన్నచో కదలకుండ ఆపుదురు. అప్పటికే మరియొక ఖాతాకు పోయినచో హెచ్చరిక దాని వెంట పోవును. మోసగాడు సొమ్మును ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు పరుగెత్తించి, చివరకు నగదుగా తీసివేయును. ఇది నీటికాలువకు గండిపడినట్టిది. గండి పడిన చోటనే అడ్డు వేసిన నీరు నిలుచును. నీరు ఊరు దాటిన తరువాత అడ్డువేసి ప్రయోజనము లేదు.

ఫోను చేయునపుడు చేతిలో ఉండవలసినవి: ఏ బ్యాంకు ఖాతా, ఎంత సొమ్ము, ఏ సమయమున పోయినది, ఆ చెల్లింపుయొక్క 12 అంకెల సంఖ్య. ఈ సంఖ్య బ్యాంకు సందేశములోనో, యాప్ చరిత్రలోనో దొరకును. పిదప "సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్" అను వెబ్‌సైటులోను ఫిర్యాదు నమోదు చేయవలయును. బ్యాంకుకును వెంటనే తెలుపవలయును. ఖాతాదారుడు తానే రహస్య సంఖ్య చెప్పి నష్టపోయినను, బ్యాంకునకు తెలిపిన తరువాత జరుగు నష్టమును బ్యాంకే భరించవలెనని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వులో ఏర్పరచినది. తెలుపుట ఎంత త్వరగా జరిగిన అంత మేలని దీనివలన తేలుచున్నది.

పోలీసుస్టేషను హద్దు మాది కాదని త్రిప్పి పంపుదురను భయమును అక్కరలేదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఏ హద్దులో జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఇవ్వవచ్చును. ఆపిన సొమ్ము తిరిగి వచ్చుటయు అసాధ్యము కాదు. 2023లో తెలంగాణలో ఏర్పడిన సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2024లో లోక్ అదాలతుల ద్వారా బాధితులకు సొమ్ము తిరిగి ఇప్పించినది. అయితే, పోయిన సొమ్ము తెప్పింతుము, మాకు రుసుము కట్టుడు అని వచ్చువారు రెండవ మోసగాండ్రని మరువరాదు.

సిగ్గు మోసగానికి సహాయము

ఇప్పుడు ఈ ప్రసంగమునకు ప్రాణమైన మాట చెప్పుచున్నాను. మన గ్రామములలో మొదటి గంట వ్యర్థమగుటకు కారణము అజ్ఞానముకంటె సిగ్గు ఎక్కువ. విత్తనములకు దాచిన సొమ్ము పోయినదని రైతు భార్యకు చెప్పడు. సంఘపు వాయిదా పోయినదని స్త్రీ అత్తకు చెప్పదు. తండ్రి తిట్టునని విద్యార్థి దాచును. ఊరిలో తెలిసిన నవ్వుదురని పెద్దమనిషి మౌనము వహించును. ఈ మౌనములో గడచిన ప్రతి నిమిషమును మోసగాడు వాడుకొనును. కొందరు పోయినదానిని ఎవరికీ తెలియకుండ పూడ్చుటకై అధికవడ్డీకి అప్పుచేసి మరింత మునుగుదురు. కొందరు ప్రాణములు తీసికొనుటకును సిద్ధపడుదురు.

ఇండ్లకు కన్నము వేసిన దొంగను చూచి ఊరంతయు కఱ్ఱలు పట్టి పరుగెత్తునుగాని, దొంగతనము జరిగిన ఇంటివానిని చూచి నవ్వదు. ఫోను దొంగతనమునందు మాత్రము బాధితునినే "ఇంత తెలివి తక్కువవాడవా?" అని అడుగుచున్నాము. చదువుకొన్న ఉద్యోగులును, పట్టణవాసులును ఈ మోసములకు లోనగుచున్నారు. ఇది తెలివికి పరీక్ష కాదు, ఇది నేరము. కంప్యూటరు సాధనముతో వేషము మార్చి మోసగించుటకు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా కలవు. నేరము చేసినవాడు సిగ్గుపడవలయునుగాని, నష్టపోయినవాడు కాదు. ఈ మాటను సర్పంచి గ్రామసభలో నోరువిప్పి చెప్పినచో, అది ఏ ప్రకటన కంటెను బలముగా పనిచేయును.

మన ఊరి ఖాతాలు దొంగకు సంచులు కారాదు

మరియొక సంగతి. మోసగాడు సొమ్మును తన ఖాతాలో వేసికొనడు. నెలకు కొంత ఇత్తునని ఆశపెట్టి పల్లెయువకుల ఖాతాలను, ఏటీఎం కార్డులను, సిమ్ కార్డులను బాడుగకు తీసికొనును. ఎచ్చటనో ఒక వితంతువు పోగొట్టుకొన్న సొమ్ము ఆ ఖాతాలో పడును. పోలీసులు మొదట వచ్చునది ఆ ఖాతాదారుని ఇంటికే. నాకేమియు తెలియదనిన చెల్లదు. ఖాతా స్తంభించును, కేసు పడును, ఉద్యోగావకాశములు చెడును. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఈ విషయమున పట్టగలవారు మీరే. ఏ పనియు లేక చేతినిండ సొమ్ము ఆడు కుఱ్ఱవానిని చూచినపుడు, కేసులో చిక్కుకొనక మునుపే అతని తల్లిదండ్రులతో మాటాడుడు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇవి పెద్ద నిధులు కోరు పనులు కావు. నాలుగు గ్రామసభలలోను పది నిమిషములు ఈ విషయమునకు కేటాయించి, రానున్న కాలపు మోసములను చదివి వినిపించుడు. వాయిదాలు విడుదలయగు దినమునకు ముందటి సాయంకాలము దండోరా వేయించుడు. కార్యాలయపు గోడపైన, రేషన్ దుకాణమువద్ద, పాలకేంద్రమువద్ద 1930 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. పంచాయతీ వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైలు ఎవరు పంపినను వెంటనే తొలగించి, పంపిన వారికి ఫోనుచేసి చెప్పుడు.

అన్నిటికంటె ముఖ్యముగ, ప్రతి వార్డునకు ఇద్దరిని నియమించుడు. వారిలో ఒకరు స్త్రీ కావలయును. సొమ్ము పోయినవారు ఏ వేళనైనను వారి తలుపు తట్టవచ్చునని ఊరికి తెలుపుడు. వారు చేయవలసినది మందలించుట కాదు. తాము దగ్గర నిలిచి, బాధితునిచేత 1930కి ఫోను చేయించుట, 12 అంకెల సంఖ్య వెదకి ఇచ్చుట, మరునాడు బ్యాంకుకు తోడుపోవుట. విన్న సంగతిని నలుగురిలో చెప్పకుండుటయు వారి ధర్మము. ఇట్టి ఇద్దరు మనుష్యులున్న ఊరిలో ఎవ్వరును ఆ మొదటి గంటను ఒంటరిగా కూర్చుండి ఏడ్చుచు గడపనక్కర యుండదు.

మీ పంచాయతీ తదుపరి సమావేశములో ఈ ఇద్దరి పేర్లను తీర్మానపు పుస్తకమున వ్రాయింపుడని ప్రార్థించుచున్నాను.